ఆశయు యథార్థ దృష్టియు: శరణాగతుని మార్గము

తెలుగువారి ఇండ్లలో ఒక చక్కని వాడుక కలదు. కుండలో బియ్యము అయిపోయినప్పుడు ఇల్లాలు "బియ్యము లేవు" అనదు, "నిండుకొన్నవి" అనును. దేవుని ముందటి దీపము ఆరిపోయినచో "ఆరినది" అనరు, "కొండెక్కినది" అందురు. ఊరికి బయలుదేరువాడు "పోవుచున్నాను" అనక "పోయి వచ్చెదను" అని చెప్పును. సంధ్యవేళ తథాస్తు దేవతలు సంచరించుచుందురనియు, వారి చెవిని బడిన మాట ఫలించుననియు, కావున ఆ వేళ అశుభము పలుకరాదనియు పెద్దలు పిల్లలకు బోధించుచుందురు. మాటకు శక్తి కలదు, తలపునకు శక్తి కలదు అను నమ్మకము ఈ వాడుకల కన్నిటికిని మూలము.

అయితే ఇందు గమనింపదగిన అంశము మరియొకటి యున్నది. బియ్యము నిండుకొన్నవని చెప్పిన ఇల్లాలు కుండలో బియ్యమున్నవని భ్రమపడదు. ఆ మాట చెప్పుటయే బియ్యము తెప్పించుటకు. దీపము కొండెక్కినదన్న ముత్తైదువ వెంటనే వత్తి సరిచేసి, నూనె పోసి, మరల వెలిగించును. మాట శుభముగా నున్నది. చూపు సత్యమును విడువలేదు. చేయి పనిని మానలేదు. ఈ మూడును కలిసి యున్నంతవరకు ఆ ఇంట ఆకలియు లేదు, చీకటియు లేదు. మొదటిది మాత్రమే మిగిలి తక్కిన రెండును పోయిన నాడు ఏమగును? రెండవది మాత్రమే మిగిలి మొదటిది పోయిన నాడు ఏమగును? ఇదియే విచారింపవలసిన ప్రశ్న.

ఇటీవలి కాలమున "పాజిటివ్ థింకింగ్" అను పేరిట ఒక బోధ లోకమంతట వ్యాపించినది. 1952వ సంవత్సరమున అమెరికా దేశమున నార్మన్ విన్సెంట్ పీల్ అను క్రైస్తవ బోధకుడు ఆ పేరును ప్రసిద్ధము చేసిన గ్రంథమును ప్రకటించెను. మనస్సులో విజయమునే భావించినచో విజయమే సిద్ధించునని అట్టి బోధల సారాంశము. దానికి ఎదురుగా నిలుచు మరియొక పక్షము కలదు. లోకము మన తలపులనుబట్టి నడువదు, ఉన్నదానిని ఉన్నట్లు చూచి అందుకు సిద్ధపడుటయే వివేకమని ఆ పక్షము వాదించును. మొదటివారు రెండవవారిని నిరాశావాదులందురు. రెండవవారు మొదటివారిని ఊహాలోక విహారులందురు. ఇరువురి మాటలలోను కొంత సత్యమున్నది. భగవంతుని నమ్మిన గృహస్థుడు ఏ పక్షమున నిలువవలెను?

ఇది పండితుల వాదమునకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. ఇంటిలో ఒకరు దీర్ఘవ్యాధితో మంచము పట్టినప్పుడు, పంట చేతికి రాక అప్పు మాత్రము మిగిలినప్పుడు, కుదిరెననుకొన్న సంబంధము మాటిమాటికి తప్పిపోవునప్పుడు ఈ ప్రశ్న గడప దాటి లోనికి వచ్చి కూర్చుండును. చూడవచ్చిన బంధువులు రోగితో "మంచినే తలచుకొనుము, తప్పక నయమగును" అందురు. ప్రేమతో చెప్పిన మాటయే. కాని నయము కాకపోయినచో? అప్పుడు అదే సిద్ధాంతము వెనుకకు తిరిగి, "నీ తలపులోనే లోపమున్నది, నీ నమ్మకము చాలలేదు" అని రోగినే నిందించును. వ్యాధి బాధకు తోడు అపరాధ భావము గూడ అతని నెత్తిన బడును. మరికొందరు సత్యము పేరిట "ఇక ఆశ లేదు" అని చెప్పి, ధైర్యపు మాటను, సేవను, తుదకు ప్రార్థనను గూడ మానివేయుదురు. ఒకరు అబద్ధముతోను, ఒకరు సత్యముతోను, ఇరువురును రోగిని ఒంటరిగానే విడిచిపోవుచున్నారు. కనుక ఈ విషయమున పొరపాటు పడుట చిన్న దోషము కాదు.

శుభమును మాత్రమే వినగోరుట ఎంత ప్రమాదకరమో తెలిసికొనుటకు లంకలోని రావణుని కొలువును మించిన నిదర్శనము లేదు. సముద్రమునకు ఆవలి తీరమున వానరసేన విడిసి యున్నది. అంతకు ముందే ఒక్క వానరుడు వచ్చి లంకను కాల్చి పోయినాడు. ఆ స్థితిలో ప్రహస్తుడు మొదలైన వారు, తమ ప్రభువు ఇంద్రాదులను జయించినవాడనియు, నరులును వానరులును ఒక లెక్క కాదనియు పలికి అతని నుప్పొంగించిరి. వారు పలికినదంతయు జయమే, శుభమే. యథార్థమును చెప్పినవారు కొలదిమంది. సీతాపహరణమునకు ముందే మారీచుడు చెప్పినాడు. తరువాత విభీషణుడు చెప్పినాడు, వృద్ధుడైన మాల్యవంతుడు చెప్పినాడు. కుంభకర్ణుడు సైతము తప్పును తప్పనియే చెప్పి, పిమ్మట అన్న కొరకు యుద్ధమునకు పోయినాడు. రావణుడు వారి మాటలను పిరికితన మనెను. అతనికి ఆత్మవిశ్వాసమునకు కొరత లేదు. జయము తనదేయను తలపునకు కొరత లేదు. కొరత పడినది సత్యమును చూచు కన్ను మాత్రమే. ఆత్మవిశ్వాసమే విజయమునకు చాలినచో లంక కూలవలసిన పని లేదు.

ఇక అదే లంకలో అడుగుపెట్టిన హనుమంతుని చూడుడు. ఇంటింట సుందరకాండ పారాయణము చేయువారు ఈ ఘట్టములను నిదానముగా మననము చేయవలెను. సముద్రమును లంఘించి వచ్చిన మహావీరుడు లంక ప్రాకారములను చూచినంతనే "దీనిని సులభముగా గెలుతుము" అని గంతులు వేయలేదు. ఈ నగరమును చేరగల వానరులు ఎందరని లెక్క చూచినాడు, నలుగురే తేలిరి. శత్రుబలమును తక్కువగా నెంచుట అతని ధర్మము కాదు. పిమ్మట రావణాంతఃపురమున నిదురించుచున్న మండోదరి సౌందర్యమును చూచి సీతయే యనుకొని ఆనందముతో ఎగిరినాడు. అది ఆశ కల్పించిన భ్రమ. కాని ఆ భ్రమలో అతడు నిలిచిపోలేదు. రాముని ఎడబాసిన సీత ఇట్లు సుఖముగా నిదురించునా, అలంకరించుకొనునా, పానము సేయునా యని విచారించి, ఈమె సీత కాదని తానే నిశ్చయించుకొనెను. తాను కోరినది కనబడినదన్న సంతోషమును తన బుద్ధిచేతనే వదలుకొనుట ఎంతటి ధైర్యము! ఆ క్షణమున "దొరికినది" అని మురిసి మరలి పోయి యుండినచో సీతామాత అశోకవనమున ఎవరికిని తెలియకయే మిగిలిపోయెడిది.

తరువాత అతడు ఎంత వెదకినను సీత కనబడలేదు. హనుమంతునకు గూడ నిరాశ కలిగినది. రిక్తహస్తములతో మరలినచో రామలక్ష్మణులు, భరత శత్రుఘ్నులు, తల్లులు, సుగ్రీవుడు ఒకరి వెనుక నొకరు ఎట్లు నశింతురో ఊహించినాడు. అగ్నిప్రవేశమును గూడ తలచినాడు. వాల్మీకి మహర్షి దీనిని దాచలేదు. పరమభక్తుని మనస్సున నిరాశ పుట్టుట దోషమని ఆయన భావింపలేదు. ఆ నిరాశకు లొంగి ప్రయత్నమును విడుచుటయే దోషము. హనుమంతుడు నిర్వేదమును త్రోసిపుచ్చి, బ్రతికియున్నచో మేలును పొందవచ్చునని తలచి, ఇంకను వెదకని చోటు ఏదియని ఆలోచించినాడు. అశోకవనము మిగిలియున్నదని తోచినది. సీతారామలక్ష్మణులకును దేవతలకును నమస్కరించి అందు ప్రవేశించెను. సీత అచటనే యున్నది. ఉన్నదానిని చూచుటలో యథార్థవాది. చేయవలసినదానిని చేయుటలో ఆశావాది. ఈ రెండును ఒక్కనియందే కలియుటచేత కార్యసిద్ధి కలిగినది.

భగవద్గీత ఈ విషయమునకు శాస్త్రీయమైన పునాదిని వేయుచున్నది. పదునెనిమిదవ అధ్యాయమున ఏ కార్యమునకైనను ఐదు కారణములు చెప్పబడినవి. అధిష్ఠానమైన శరీరము, కర్త, కరణములైన ఇంద్రియాదులు, నానావిధములైన చేష్టలు, ఐదవది దైవము. భగవద్రామానుజులు తమ గీతాభాష్యమున ఆ ఐదవదానిని అంతర్యామియైన పరమాత్మగా వ్యాఖ్యానించిరి. ఈ ఐదింటిలో కర్త ఒక్కటి మాత్రమే. తన తలపే సర్వమును నడుపునని భావించువాడు ఐదు కారణముల పనిని ఒక్కదాని నెత్తిన పెట్టుచున్నాడు. ఏ ప్రయత్నమువలనను ప్రయోజనము లేదనువాడు కర్తయు ఒక కారణమేయని మరచుచున్నాడు. రైతు విత్తనము చల్లనిదే మొలక రాదు. చల్లినంత మాత్రమున వాన కురియదు. ఈ రెండు వాక్యములును ఒక్కసారిగా సత్యములే. ఒకటి చెప్పి రెండవది దాచినవాడు సగము సత్యమునే చెప్పినవాడగును.

శ్రీకృష్ణ పరమాత్మ తన నడవడిచేత దీనినే నిరూపించెను. తిక్కన సోమయాజి తెనిగించిన ఉద్యోగపర్వమున కృష్ణ రాయబారము తెలుగువారికి సుపరిచితము. దుర్యోధనుడు సంధికి ఒప్పుకొనడని స్వామి ఎరుగును. ఎరిగియు హస్తినాపురమునకు పోయెను. సంధి వలని మేలును, యుద్ధము వలని కీడును సభలో విప్పి చెప్పెను. ఫలము కలుగునను భ్రమ లేదు. అయినను ప్రయత్నమున లోపము లేదు. ధర్మము చేయదగినది గనుక చేయవలెను. ఫలించుననియే చేయరాదు, ఫలింపదనియు మానరాదు. ఆ మీదట అర్జునుడు విషాదమున మునిగినప్పుడు గూడ, "ఎవరికిని ఏమియు కాదు, అందరును క్షేమముగా నుందురు" అని అతనిని ఓదార్చలేదు. విశ్వరూపమున యోధులు కాలుని నోట బడుచున్న దృశ్యమును చూపెను. భయంకరమైన సత్యమును చూపిన ఆ స్వామియే అభయమును గూడ ఇచ్చెను. సత్యమును దాచి ఇచ్చు అభయము నిలువదు.

శ్రీవైష్ణవ సంప్రదాయమున ఈ సమన్వయమునకు పేరు శరణాగతి. పాంచరాత్రాగమములు శరణాగతికి ఆరు అంశములను చెప్పినవి. భగవంతునకు అనుకూలముగా నుండు సంకల్పము, ప్రతికూలమైన దానిని విడుచుట, ఆయన రక్షించునను విశ్వాసము, రక్షకుడవు కమ్మని వేడుట, ఆత్మ సమర్పణము, కార్పణ్యము అనునవి ఆ ఆరు. వీనిలో విశ్వాసమును కార్పణ్యమును పక్కపక్కన పెట్టి చూడవలెను. కార్పణ్యమనగా తన అశక్తతను, తన దైన్యమును ఉన్నదున్నట్లు గుర్తించుట. ఇంతకు మించిన యథార్థ దృష్టి లేదు. విశ్వాసమనగా ఆయన తప్పక రక్షించునను దృఢమైన నమ్మకము. దీనినే పూర్వాచార్యులు మహావిశ్వాసమనిరి. ఇంతకు మించిన ఆశ లేదు. ఈ రెండింటిని పరస్పర విరుద్ధములుగా లోకము తలచుచుండగా, పూర్వులు ఒకే మాలలో గ్రుచ్చిరి. కార్పణ్యము లేని విశ్వాసము గర్వముగా మారును. విశ్వాసము లేని కార్పణ్యము నిస్పృహగా మారును.

పోతనామాత్యుని గజేంద్రుడు ఈ మాలకు సజీవమైన ఉదాహరణము. వేయి సంవత్సరములు మొసలితో పెనగినాడు. తన బలము తరిగినదని తెలిసికొన్నాడు. తనతోడి ఏనుగులు తన్ను విడిపింపలేవని తెలిసికొన్నాడు. పిలిచిన వేల్పు కలడో లేడో యను సందేహము గూడ అతని నోట వచ్చినది. పోతన ఆ సందేహమును తుడిచివేయలేదు. సందేహముతో కూడిన పిలుపే తుదకు సర్వమును అర్పించిన పిలుపైనది. స్వామి పరుగున వచ్చునప్పుడు "నీవు సందేహించితివి గదా" అని అడుగలేదు. మనస్సున ఒక్క ప్రతికూలమైన తలపు వచ్చినను కార్యము చెడునని భయపడువారికి ఈ కథ గొప్ప ఊరట. స్వామి అనుగ్రహము మన తలపుల శుద్ధిపై తూచబడునది కాదు.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. ఆయన రక్షించునని గట్టిగా నమ్ముటయు అనుకూలమైన తలంపే గదా, దీనికిని ఆధునికుల బోధకును భేదమేమి యని. భేదము రెండు విధములుగా నున్నది. మొదటిది, ఆ బోధలో నమ్మకము తన మనస్సు యొక్క శక్తిపై నిలుచును. శరణాగతిలో నమ్మకము భగవంతుని దయాగుణముపై నిలుచును. మనస్సు అలసిపోవును, రోగమున క్రుంగిపోవును. దానిపై నిలిచిన నమ్మకము దానితోడనే కూలును. స్వామి దయ అలసిపోవునది కాదు. రెండవది, ఆ బోధ ఫలమును ముందుగా నిర్ణయించుకొనును. తరచుగా గడువును గూడ నిర్ణయించుకొనును. శరణాగతుడు రక్షణను కోరును గాని, దాని రూపమును, దినమును రక్షకునకే విడుచును.

గడువు పెట్టుకొన్న ఆశ ఎంత అపాయకరమో వియన్నా నగరపు మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ తన గ్రంథమున వ్రాసెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున నాజీల నిర్బంధ శిబిరములలో బాధలు పడి బయటపడినవాడాయన. 1944 క్రిస్మస్‌కును 1945 నూతన సంవత్సరాదికిని నడుమ వారమున శిబిరములో మరణములు మునుపెన్నడును లేనంతగా పెరిగినవనియు, అందుకు పని భారమో, ఆహారపు కొరతయో, కొత్త వ్యాధియో కారణము కాదని అచటి వైద్యుడు అభిప్రాయపడెననియు ఆయన తెలిపెను. పండుగ నాటికి ఇండ్లకు చేరుదుమని అనేకులు ఆశ పెట్టుకొనిరి. పండుగ వచ్చినది, విడుదల రాలేదు. ఆశతోపాటు వారి ప్రాణశక్తియు సన్నగిల్లినది. వారిని నిందించుట తగదు. అట్టి నరకమున ఎవరైనను తేదీలను లెక్కించుకొందురు. అయినను ఆశ ఒక దినమునకు కట్టుబడినచో, ఆ దినము దాటినప్పుడు నిలుచుటకు దానికి చోటుండదని ఇందువలన తెలియుచున్నది.

గడువు లేని ఆశ ఎట్లుండునో శ్రీరంగ క్షేత్ర చరిత్ర చెప్పును. 1323వ సంవత్సరమున ఢిల్లీ సుల్తానుల సేన దక్షిణమునకు దండెత్తి వచ్చి శ్రీరంగముపై బడినది. అప్పటి ఆచార్యులకు రెండు సులువైన మార్గములుండెను. "స్వామి తన్ను తాను రక్షించుకొనును, మనకేల చింత" యని కూర్చుండుట ఒకటి. "సర్వమును ముగిసినది" యని చెదరిపోవుట రెండవది. వారు ఈ రెండింటిని అవలంబింపలేదు. మూలమూర్తి కానరాకుండునట్లు గర్భాలయ ద్వారమునకు అడ్డముగా రాతిగోడ కట్టిరని సంప్రదాయము చెప్పుచున్నది. ఉత్సవమూర్తిని వెంటబెట్టుకొని వృద్ధులైన పిళ్ళై లోకాచార్యులు దక్షిణ దిశగా బయలుదేరిరి. శ్రీవచనభూషణము మొదలగు రహస్య గ్రంథములను రచించిన ఆ మహాచార్యులు మధుర సమీపమున జ్యోతిష్కుడి యను చోట పరమపదించిరి. స్వామి మరల శ్రీరంగమునకు వేంచేయుటను వారు కన్నులార చూడలేదు. వేదాంత దేశికులు శ్రీభాష్యమునకు వ్యాఖ్యానమైన శ్రుతప్రకాశికా గ్రంథమును, దాని కర్త సుదర్శనసూరి కుమారులను కాపాడుటకై శవముల నడుమ దాగి బయటపడిరని సంప్రదాయము. పిమ్మట వారు కన్నడ దేశమున నివసించుచు, శ్రీరంగమునకు నిర్భయత్వమును ప్రార్థించుచు అభీతిస్తవమును రచించిరి.

ఉత్సవమూర్తి ఊరూర, అడవుల గుండ సంచరించుచు తుదకు తిరుమలకు వేంచేసెను. తిరుమల ఆలయమున రంగనాయకుల మండపమునకు ఆ పేరు వచ్చుట శ్రీరంగని ఆ నివాసమువలననే యని చెప్పుదురు. నేటికిని ఆ మండపమును చూచు యాత్రికులు ఆ కథను స్మరింపవలెను. విజయనగర రాజైన బుక్కరాయల కుమారుడు కంపరాయలు దక్షిణ దేశమును జయించిన పిమ్మట, ఆయన అధికారి గోపన స్వామిని తిరుమల కొండనుండి తన రాజధానియగు సెంజికి తీసికొని వచ్చి, అచట నుండి శ్రీరంగమున మరల ప్రతిష్ఠించెను. శ్రీరంగమునందలి శాసనము దీనిని శకవర్షము 1293గా, అనగా 1371వ సంవత్సరముగా తెలుపుచున్నది. విడిచి వెళ్ళిన నాటినుండి 48 సంవత్సరములు గడిచెను. ఒక తరము పోయి మరియొక తరము వచ్చినది. స్వామిని మోసికొనిపోయినవారిలో అనేకులు తిరిగి రాలేదు. వారికి ఎవరును గడువు చెప్పలేదు. అయినను ఎక్కడ విడిసినను ఆరాధన మానలేదు. గోడ కట్టుట యథార్థ దృష్టి. ఒకనాడు ఆ గోడ తొలగుననియే స్వామిని భద్రముగా కాపాడుట ఆశ. ఆ రెండు పనులను చేసినది ఒకే చేతులు.

రక్షణ యనగా కోరినది జరుగుటయేయని తలచువారు జటాయువును స్మరింపవలెను. సీతను అపహరించుకొని పోవుచున్న రావణుని ఎదిరించునప్పుడు, తాను వృద్ధుడననియు, రావణుడు యువకుడు, ధనుర్ధారి, కవచధారి, రథారూఢుడనియు జటాయువు తానే చెప్పెను. బలాబలములు అతనికి తెలియును. అయినను "గెలుతునా" యని ప్రశ్నించుకొనలేదు. చూచుచు ఊరకుండరాదని మాత్రమే నిశ్చయించుకొనెను. ఓడెను, రెక్కలు తెగి నేల కూలెను. లోకదృష్టిలో అది పరాజయమే. కాని అతడు చెప్పిన వార్త రామునకు దారి చూపినది. శ్రీరామచంద్రుడు తన తండ్రికి చేయునట్లు అతనికి అంత్యక్రియలు చేసి ఉత్తమ లోకములను అనుగ్రహించెను. జటాయువు రక్షింపబడినాడా? వైష్ణవుడు ఒక్క క్షణము సందేహింపక "అవును" అనును. రక్షణ యను మాటకు ఇంతటి విశాలమైన అర్థమున్నది గనుకనే శరణాగతుని ఆశ చావు ఎదుట గూడ చావదు.

బాధను బాధ యని చెప్పుట విశ్వాసమునకు లోపము కాదని గూడ భక్తుల చరిత్రలు చాటుచున్నవి. ఏ కులశేఖరాళ్వారుల పేరిట తిరుమల శ్రీవారి సన్నిధి గడపను కులశేఖరపడి యని పిలుతురో, ఆ ఆళ్వారులు ఒకచోట భగవంతుని వైద్యునితో పోల్చిరి. కోసినను కాల్చినను రోగి వైద్యునియందు ప్రేమను విడువనట్లు తానును స్వామిని విడువననిరి. కోత నొప్పి కాదని వారు చెప్పలేదు. నొప్పియే యని చెప్పి, కోయు చేతిని నమ్మిరి. భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న, 1672 నుండి 1687 వరకు గోలకొండను ఏలిన తానీషా చెరలో నున్నప్పుడు, స్వామికి తాను చేయించిన నగల ఖర్చును ఒక్కొక్కటిగా లెక్కించి నిలదీసినాడు. పిమ్మట దెబ్బల బాధకు తాళలేక తిట్టితినని క్షమాపణ వేడినాడు. నిష్ఠురమాడుటకు గూడ ఎదుట ఒకడున్నాడను నమ్మకము కావలెను. ఎవరును లేరనుకొన్నవాడు మౌనముగా క్రుంగిపోవును. కాబట్టి కష్టములో నున్న మనిషి ఏడ్చినప్పుడు "అట్లు పలుకరాదు, మంచినే తలచుము" అని అతని నోరు మూయుట ధర్మము కాదు. ఆ ఏడుపు ఎవరి ఎదుట ఏడ్వవలెనో చూపుటయే ధర్మము.

దీనినిబట్టి గృహస్థుడు ఆచరింపవలసిన పద్ధతి తేటపడుచున్నది. రోగి పడక దగ్గర కూర్చున్నవాడు వైద్యుడు చెప్పినదానిని విని, మందును వేళ తప్పక ఇయ్యవలెను. దేవుని మీద భారము వేసితిమని మందు మానుట విశ్వాసము కాదు. కర్త చేయవలసిన పనిని దైవము మీదికి నెట్టుట. ధైర్యపు మాట చెప్పవలెను. ఆ మాట వలన రోగి రెండు ముద్దలు ఎక్కువగా తినవచ్చును, రాత్రి కొంత నిదురింపవచ్చును. కాని తన చేతిలో లేని ఫలమును వాగ్దానము చేయరాదు. "నయమగును" అని ప్రమాణము చేయుటకంటె "ఏమైనను నిన్ను విడిచిపోము, స్వామియు విడువడు" అనుట సత్యము, బలము. మ్రొక్కు మ్రొక్కుకొన్నవాడు కోరిక తీరనప్పుడు తన భక్తిలో లోపము వెదకుచు కృశింపరాదు. తీరనివారి భక్తిని ఇతరులు తూచనే రాదు. తలనీలాలిచ్చి కొండ దిగువారిలో కోరిక తీరినవారును ఉందురు, తీరనివారును ఉందురు. ఇరువురును ఆ సన్నిధిలో ఒకే వరుసలో నిలిచి, ఒకే తీర్థమును స్వీకరించినవారే.

అప్పుల పాలైనవాడు లెక్క వ్రాసికొని చూచుటకు జంకరాదు. లెక్క చూచుట అశుభము కాదు. చూడకుండుటయే అశుభమునకు దారి. సంతానము చదువులో వెనుకబడినచో ఉన్నదున్నట్లు తెలిసికొని చేయూత నీయవలెను గాని, "నీవే మొదటివాడవగుదువు" అని ఊరక ఊదరగొట్టుట వలన ఆ బిడ్డ ఓటమి నాడు తల్లిదండ్రుల ముఖము చూడలేని స్థితికి వచ్చును. సత్యమును ప్రేమతోను, ప్రేమను సత్యముతోను కలిపి ఇచ్చినప్పుడే అది ఇంటికి బలమగును.

ఆశావాదమా, యథార్థ దృష్టియా అను ప్రశ్న మనిషి ఒంటరియని తలచినంతవరకే కఠినము. ఒంటరియైనవాడు లోకమును ఉన్నట్లు చూచినచో భయపడును. భయపడకుండుటకై కన్నులు మూసికొనును. శరణాగతుడు ఒంటరి కాడు. తన అశక్తతను చూచుటకు అతడు జంకడు, ఏలయన శక్తుడైనవాడు ప్రక్కన నున్నాడు. లోకపు కాఠిన్యమును చూచుటకు జంకడు, ఏలయన లోకమునకు ఒక ప్రభువున్నాడు. నిజమును తేరిచూడగల ధైర్యము అతనికి నమ్మకమువలననే కలుగును. చూచిన పిదప చేయవలసిన పనియు కనబడును. అది చేసిన పిదప మిగిలినదానిని విడుచు చోటును కనబడును.

ఏడుకొండలపై కొలువైన శ్రీనివాసుని కుడిచేయి తన పాదములను చూపుచున్నది. ఎడమచేయి నడుము దిగువన నిలిచియున్నది. ఈ పాదములను ఆశ్రయించినవారికి సంసార సముద్రము నడుము లోతు మాత్రమేయని ఆ ముద్రకు పెద్దలు అర్థము చెప్పుదురు. సముద్రము లేదని స్వామి చెప్పుటలేదు. అది ఇంకిపోవుననియు చెప్పుటలేదు. నీరున్నది, అలలున్నవి, దాటవలెను; కాని పాదములను పట్టినవాడు మునుగడు. ఉన్న సముద్రమును చూచు కన్నును, ఆ పాదములను విడువని చేతిని ఆ స్వామి ఎల్లరకును ప్రసాదించుగాక!